వైరస్‌లకు హాజరుపట్టీ

పసిపిల్లలకు నీళ్ళవిరేచనాలు పట్టుకోవడం మీరు చూసే వుంటారు. ఒంట్లో నీరంతా పోతే ప్రాణానికే ముప్పు. ఇందుకు ముఖ్యకారణాల్లో ఒకటి రోటావైరస్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం దీన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసింది. లాటిన్‌లో 'రోటా' అంటే చక్రం. ఇది బండిచక్రంలా వుంటుంది.

దీని జన్యుపదార్థం 11 ముక్కలు. ఒకే కణంలోకి రెండు రకాల వైరస్‌లు దూరాయనుకోండి. ఎర్రపూసలు 11, పచ్చపూసలు 11 కలిసిపోయినట్టే! ప్రతి స్థానంలోనూ ఎర్రదైనా రావచ్చు, పచ్చదైనా రావచ్చు. 2ను 11 సార్లు వేసి గుణించండి. 2,048 కూర్పులు! అన్నీ బతకవు గాని, కొన్ని నిలుస్తాయి. పైపొరలోని రెండు ప్రోటీనులను బట్టి వీటికి జీ, పీ అనే అక్షరాలతో అంకెలు ఇస్తారు.

మరి టీకా రాకముందే ఈ రకాలను లెక్కించడం దేనికి? బడి తెరిచిన రోజున హాజరుపట్టీ రాయకపోతే, తరువాత ఎవరు మానేశారో, ఎవరు కొత్తగా చేరారో చెప్పగలమా? అందుకే 2005-07లో మనదేశంలోని పలు ఆసుపత్రులలో, విరేచనాలతో చేరిన పసిపిల్లల మలాన్ని పరీక్షించారు. నూటికి సుమారు 39 మందిలో రోటావైరస్ కనబడింది. జీ1, జీ2 రకాలు ఎక్కువ.

2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాలలో టీకాచుక్కలు వేయడం మొదలైంది. హైదరాబాదులో తయారైన ఆ టీకాలోని వైరస్ కూడా కలగలుపుదే: మనిషి వైరస్‌లో పశువుల వైరస్ ముక్క ఒకటి చేరింది! తరువాతి ఏళ్ళలో జీ3 రకం పెరిగింది. టీకావల్లనా, సహజంగానా? టీకా లేకున్నా రకాలు ఏటేటా మారుతుంటాయి మరి. పాతపట్టీతో పోల్చకుండా జవాబు వెతకలేము.

ముక్కలు మూడే అయితే ఎన్ని కూర్పులో, పూసలతో పేర్చి చూడండి.