నోటీసు ముట్టినట్లు రుజువు: ఉత్తర్వు పొందిన రైతు మరువరాని పని



వరి పొట్టకు వచ్చిన సమయమున ఎగువ పొలమువారు పంటబోదెకు అడ్డుకట్ట వేసిరనుకొందము. నీరందకున్నచో గింజ తాలుపోవును. దిగువ రైతు జూనియరు సివిలు జడ్జి కోర్టున, అనగా పూర్వము మునసబు కోర్టని పిలువబడిన చోట, దావా వేసెను. వ్యవధి లేదు గనుక కోర్టువారు ఎదుటివారిని విచారింపకయే, నీటికి అడ్డుపెట్టరాదని తాత్కాలిక నిషేధపు టుత్తర్వు నిచ్చిరి. రైతు సంతోషముతో ఇల్లు చేరెను. కాని అతని పని యింకను ముగియలేదు.

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 39వ ఆర్డరు 3వ రూలు ప్రకారము ఎదుటివారికి ముందుగా నోటీసు ఇచ్చుటయే సామాన్య విధి. ఆలస్యమువలన ఉత్తర్వు నిష్ఫలమగు నని తోచినప్పుడు మాత్రమే, కారణములు వ్రాసి, కోర్టువారు నోటీసు లేకుండ ఉత్తర్వు నీయవచ్చును. అందుకు బదులుగా అర్జీదారుపై రెండు బాధ్యతలు పడును.

మొదటిది: ఉత్తర్వు అయిన వెంటనే అర్జీ, దానికి మద్దతుగా దాఖలు చేసిన అఫిడవిటు, దావా పత్రము, ఆధారపడిన దస్తావేజులు, వీని నకళ్లను ఎదుటివారికి అందజేయవలెను, లేదా రిజిష్టరు తపాలాలో పంపవలెను.

రెండవది: అట్లు అందజేసితిననియో పంపితిననియో ప్రమాణ పూర్వకమైన అఫిడవిటును ఉత్తర్వు అయిన దినముననే గాని, మరుసటి దినమున గాని కోర్టున దాఖలు చేయవలెను.

మనవారు తరచుగా మొదటి పని చేసి రెండవది విడుతురు. కాగితములు ముట్టిన సంగతి మీరెరుగుదురు, ఎదుటివాడును ఎరుగును. కాని కోర్టు దస్త్రమున లేనిది న్యాయాధిపతి యెట్లు ఎరుగును? రుజువు లేనిచో ఉత్తర్వును తొలగింపుమని కోరుటకు ఎదుటి వకీలునకు చక్కని ఆధారము చిక్కును. న్యాయము మనవైపున నున్నను నీరు తప్పిపోవచ్చును.

అఫిడవిటు వ్రాయించునపుడు ఈ విషయములు గమనింపుడు:

1. ఏ కాగితములు, ఎవరికి, ఏ తేదీన, ఏ విధముగా ఇచ్చితిరో స్పష్టముగా వ్రాయవలెను. ప్రతివాదులు నలుగురైనచో నలుగురి సంగతి వేరువేరుగా చెప్పవలెను. అన్నకిచ్చితిమి గనుక తమ్మునికి ముట్టినట్లే యనుకొనరాదు.

2. చేతికిచ్చినచో పుచ్చుకొన్నవాని సంతకము, తేదీ తీసికొనవలెను. తపాలాలో పంపినచో రసీదును జతపరుపవలెను. చట్టమున రిజిష్టరు తపాలా యని యున్నది. తపాలా శాఖవారు 2025లో ఆ సేవను స్పీడు పోస్టునందు విలీనము చేసిరి. కావున ఏ రీతిగా పంపవలెనో వకీలునడిగి పంపుట మేలు.

3. పుచ్చుకొననని యెదుటివాడు నిరాకరించినచో జరిగినది జరిగినట్లు వ్రాసి, తపాలాలో కూడ పంపవలెను.

4. కాగితములు స్వయముగా ఇచ్చినవాడే ఆ సంగతి ప్రమాణము చేయవలెను. ముట్టనిదానిని ముట్టినదని చెప్పరాదు. కోర్టు వ్యవహారమున అబద్ధ సాక్ష్యమునకు, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను ప్రకారము ఏడేండ్లవరకు శిక్ష కలదు.

దావా సమనుల సంగతి వేరు. వానిని సాధారణముగా కోర్టు బంట్రోతు తెచ్చును. 5వ ఆర్డరు ప్రకారము అతడు పుచ్చుకొన్నవాని సంతకము తీసికొనును. నిరాకరించినచో ఇంటి తలుపునకు నకలు అంటించి, ఎవరి సమక్షమున అంటించెనో వ్రాసి కోర్టునకు నివేదించును. సమను ముట్టకుండ తిరిగి వచ్చినచో, అట్లు వచ్చినట్లు కోర్టునకు తెలిసిన నాటినుండి ఏడు దినములలో క్రొత్త సమనుకై వాది కోరవలెను. ఉపేక్షించినచో 9వ ఆర్డరు 5వ రూలు క్రింద దావా కొట్టివేయబడవచ్చును.

ఇది వట్టి లాంఛనమని విసుగుకొనకుడు. నేడు ఎదుటివానికి ముట్టవలసిన కాగితము రేపు మనకే ముట్టవలసి రావచ్చును. మనకు తెలియకుండ మన పొలముమీద ఉత్తర్వు వచ్చిన నాడు ఈ నియమమే మనలను కాపాడును.

వకీలును పెట్టుకొను శక్తి లేనివారు మండల న్యాయసేవా సంఘమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, నిర్ణీత ఆదాయమునకు లోబడిన వారికిని ఉచిత సహాయము దొరకును. ఉత్తర్వు చేతికి వచ్చిన దినమున కోర్టు ఆవరణము విడుచుటకు ముందే వకీలును ఈ యొక్క ప్రశ్న అడుగుడు: "ముట్టినట్లు అఫిడవిటు దాఖలైనదా?"