వ్యాపారాభివృద్ధి : నిర్వహణ - వ్యూహం

మేము తెలుగు బోధించేవారము. వాణిజ్యశాస్త్రం మా విషయం కాదు. అయినను బి.కామ్. విద్యార్థులు తమ పాఠ్యగ్రంథాలలోని ‘నిర్వహణ’, ‘వ్యూహం’ అన్న మాటలకు అర్థం చెప్పమని అడిగినప్పుడు, ఆ రెండూ మా ఇంటి మాటలే కదా అనిపించినది. సంస్కృత నాటకంలోని పంచసంధులలో చివరిది నిర్వహణ సంధి. ముఖసంధిలో నాటిన బీజాన్ని ఫలం వరకు చేర్చడం దాని పని. ఇక వ్యూహం అనగానే భారతంలోని పద్మవ్యూహం జ్ఞప్తికి వస్తుంది. అభిమన్యునికి లోనికి ప్రవేశించడం తెలుసు. వెలుపలికి రావడం తెలియదు.

వ్యాపారంలోనూ ఇంతే. చేతిలో ఉన్న పనిని వృథా లేకుండా ఫలం వరకు చేర్చడం కార్యనిర్వహణ. ఏ పని చేపట్టాలి, దేనిని విడిచిపెట్టాలి, ఆపద వస్తే ఏ దారిన బయటపడాలి అని ముందుగా యోచించడం వ్యూహరచన. ఈ రెండింటి సంబంధాన్ని గ్రహించడానికి జపాన్‌లోని టొయోటా సంస్థ చరిత్ర చక్కని ఉదాహరణ.

మగ్గం నేర్పిన పాఠం

ఆ సంస్థకు మూలం మోటారు కాదు, మగ్గం. 1924లో సకీచి టొయోడా పూర్తి చేసిన స్వయంచాలక మగ్గం పడుగు పోగు తెగిన వెంటనే దానంతట అదే ఆగిపోయేది. అందువలన చెడిన బట్ట నేయబడేది కాదు. ఒక్కొక్క మగ్గం ముందు ఒక్కొక్క మనిషి కాపలా ఉండవలసిన అవసరమూ తప్పినది. తప్పు జరిగిన చోటనే పని ఆగాలి అన్న సూత్రం అక్కడ పుట్టినది.

ఆయన కుమారుడు కీచిరో 1937లో మోటారు సంస్థను స్థాపించారు. యుద్ధానంతరం జపాన్‌లో ధనానికి కరవు వచ్చినది. బండ్లు అమ్ముడుపోలేదు, అప్పులు పెరిగినవి. 1950లో కార్మికులు సమ్మె చేశారు. చివరకు వెయ్యిమందికి పైగా ఉద్యోగాలు విడిచి వెళ్ళవలసి వచ్చినది. కీచిరో తాము కూడ అధ్యక్షపదవికి రాజీనామా ఇచ్చారు. అదే జూన్ మాసాంతంలో కొరియా యుద్ధం ఆరంభమై, అమెరికా సైన్యం నుండి ట్రక్కులకు గిరాకీ రావడంతో సంస్థ తేరుకొన్నది. ఇది అదృష్టమే గాని వ్యూహం కాదు. అమ్ముడుపోయే అవకాశం చూడక ఉత్పత్తి చేస్తే ఆ భారం చివరకు ఎవరి నెత్తిన పడుతుందో ఆ సంవత్సరం తెలియజేసినది.

వృథాను గుర్తించుట

ఆ సంస్థలో ఇంజనీరైన తైచీ ఓనో ఈ పాఠాన్ని పద్ధతిగా మలిచారు. అవసరానికి మించిన ఉత్పత్తి, ఎదురుచూపు, అనవసరమైన రవాణా, అక్కరలేని ప్రక్రియ, నిలువ సరుకు, వ్యర్థమైన కదలిక, లోపభూయిష్టమైన వస్తువు అని వృథాను ఏడు విధాలుగా విభజించారు. అమెరికాలోని సూపర్ మార్కెట్లలో కొనుగోలుదారు తీసుకొన్నంత సరుకునే మరల అరలో నింపే పద్ధతి ఆయనను ఆకర్షించినది. తరువాతి దశవారు వాడుకొన్నంత మాత్రమే ముందరి దశవారు తయారు చేయాలి. అందుకు గుర్తుగా ‘కాన్బాన్’ అనే చీటీ వెళ్ళాలి. లోపం కనిపిస్తే సామాన్య కార్మికుడు సైతం పనిని ఆపించవచ్చు. ఆపిన తరువాత ‘ఎందుకు?’ అని ఐదుసార్లు ప్రశ్నించుకోవాలి. మొదటి జవాబు వద్ద నిలిచిపోతే దోషం మనిషిపై పడుతుంది. చివరి జవాబు వరకు వెళితే అసలు కారణం దొరుకుతుంది.

ఈ భేదం ఎంత ముఖ్యమో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారం నిరూపించినది. దానిని జనరల్ మోటార్స్ 1982లో మూసివేసినది. 1984లో టొయోటాతో కలిసి మరల తెరచినప్పుడు పనిలో చేరినవారిలో అధికులు ఆ పాత కార్మికులే. పద్ధతి మారినది, ఆ చేతులే మేలైన బండ్లను తయారు చేసినవి. 2010లో ఆ ఉమ్మడి సంస్థ మూతపడినను, అది నేర్పిన పాఠం మిగిలి ఉన్నది.

మన దుకాణంలో

ఇది పెద్ద కర్మాగారాల సంగతి అని విద్యార్థులు అనుకోరాదు. రంజాన్ ముందు ఒక దర్జీ దుకాణాన్ని ఊహించుకొందాము. అక్కడ రోజుకు 10 జతలు పూర్తి అవుతాయి. ఒప్పుకొన్నవి 60 జతలు ఉంటే, నేడు వచ్చినవాడు 6 రోజులు ఆగాలి. ఆశపడి 150 జతలు ఒప్పుకొంటే నిరీక్షణ 15 రోజులు అవుతుంది. కుట్టు వేగం మాత్రం పెరగదు. పండుగ వెళ్ళిన తరువాత చేతికి వచ్చిన జత వలన కూలి దక్కినా పేరు దక్కదు. కత్తిరింపు, కుట్టు, కాజా, ఇస్త్రీ అనే నాలుగు పనులలో దేని దగ్గర గుడ్డలు పేరుకుపోతున్నాయో చూసి అక్కడ మరొక మనిషిని నియమించడం నిర్వహణ. పండుగకు ఎన్ని ఒప్పుకోవాలి, పండుగ లేని నెలలలో ఏ పాఠశాల దుస్తులు కుట్టాలి అని ముందే నిర్ణయించడం వ్యూహం.

మితిమీరిన పొదుపు

నిలువ తగ్గించడమే పరమార్థం అనుకొంటే మరొక ప్రమాదం కలదు. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ అనే సంస్థకు చెందిన కరియా కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగినది. బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడినుండే వచ్చేది. నిలువ లేనందున టొయోటా కర్మాగారాలు ఆగిపోయినవి. ఇతర సరఫరాదారులు తమ యంత్రాలపై ఆ వాల్వును తయారుచేసి ఇచ్చినందున కొద్ది రోజులలోనే పని సాగినది. 2011 మార్చి భూకంపం తరువాత, త్వరగా దొరకని భాగాలను కొన్ని నెలలకు సరిపడ నిలువ ఉంచే ఏర్పాటు జరిగినది. అందువలననే 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు ఇతరులకంటె ఆలస్యంగా ఆ సంస్థకు దెబ్బ తగిలినది, పూర్తిగా తప్పలేదు. వ్యూహం ఆపదను మాపలేదు. తట్టుకొనే వ్యవధిని మాత్రం ఇస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు తండ్రి దుకాణంలో కూర్చుంటారు; కొందరు బ్యాంకు ఋణంతో చిన్న పరిశ్రమ పెడతారు. నష్టం వచ్చిననాడు ‘పనివారు మంచివారు కారు’ అనడం సులభం. ఆ మాట అనే ముందు ‘ఎందుకు?’ అని ఐదుసార్లు అడగండి. యజమాని ముందుచూపు లేమికి మూల్యం చెల్లించేది తరచుగా కూలివాని కుటుంబమే. ఆ మూల్యం వారిపై పడకుండ చూడడమే నిర్వహణకు, వ్యూహానికి సార్థకత అని మేము భావిస్తున్నాము.