బిడ్డ కడుపున పడకముందే తల్లికి తగిన ఆహారము: మజ్జిగ చేయగల మేలు

ఇబ్రహీంపట్నము మొదలుకొని కృష్ణాతీరపు పల్లెలలో ఏ రైతైనను ఆకుమడి చల్లుటకు ముందే నేలను దున్ని, దమ్ముచేసి, ఎరువు వేసి, విత్తనమును పరీక్షించుకొనును. నాట్లు పడిన పిమ్మట ఆకుమడికి బలము చేకూర్చెద ననువాడు లేడు. కాని ఇంట బిడ్డ కలుగవలెనని కోరుకొనునప్పుడు మన మీ ముందుచూపును మరచుచున్నాము. నెల తప్పిన తరువాతనే కోడలి యాహారమును గూర్చి తలంచుచున్నాము.

గర్భస్థ శిశువునకు మెదడును వెన్నుపామును ఏర్పడు నాళము గర్భము నిలిచిన 28 దినములలోపల మూసికొనును. చాలమంది స్త్రీలు గర్భమని నిశ్చయించుకొనునప్పటికి ఆ గడువు తీరనే తీరును. కావున ఆహారమునందు శ్రద్ధ కొన్ని నెలలు ముందే ప్రారంభింపవలెను.

మజ్జిగలోని మేలు

నేడు పట్టణములలో ప్రోబయోటిక్ పానీయము లను పేర చిన్న సీసాలు అమ్ముచున్నారు. తగినంత సంఖ్యలో పుచ్చుకొన్నపుడు ఆరోగ్యమునకు మేలుచేయు సజీవ సూక్ష్మజీవులకే ఆ పేరు చెల్లునని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించిరి. పెరుగులోని సూక్ష్మజీవులు మానవునకు మేలుచేయునని పారిసు నగరమున పనిచేసిన మెచ్నికాఫ్ పండితుడు 1907లోనే వ్రాసెను.

మన యింటి పెరుగులో నే జాతి సూక్ష్మజీవులు ఎన్ని యున్నవో లెక్కచెప్ప వీలులేదు. అయినను పాలు అరగనివారికి సయితము పెరుగు తేలికగా అరుగును. మాంసకృత్తులు, సున్నము, బి12 విటమిను అందు లభించును. మజ్జిగను కాచినచో సజీవ సూక్ష్మజీవులు నశించును; కావున మజ్జిగపులుసు పచ్చిమజ్జిగకు సాటిరాదు. సీసా పానీయములలో పంచదార హెచ్చుగా నుండవచ్చును; కొనువారు చీటీ చదివి కొనవలెను.

తయారుచేయు విధము

పాలను పొంగువరకు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, శుభ్రమైన గిన్నెలో మంచి పెరుగు కొంచెము తోడువేసి మూతపెట్టవలెను. తోడుకొన్న పిమ్మట కాచి చల్లార్చిన నీటితో చిలికి, చిటికెడు ఉప్పు మాత్రము వేసి, ఆనాడే త్రాగవలెను. మన పెద్దలు వాడిన తరవాణికిని ఇదే నియమము: కుండ శుభ్రముగా నుండవలెను, నీరు కాచినదై యుండవలెను, బూజుపట్టినను దుర్వాసన వచ్చినను పారబోయవలెను.

పచ్చిపాలను తోడువేయుట ప్రమాదకరము. గేదెలు ఈసుకపోవు బ్రూసెల్లోసిస్ రోగము పచ్చిపాలవలనను, ఈసుకపోయిన పశువు మాయను వట్టిచేతులతో తాకుటవలనను మనుష్యులకు సోకును. దానివలన గర్భస్రావమును కలుగవచ్చును. పాలు పులిసినంత మాత్రమున దోషము పోవునని నమ్మరాదు. ఆడదూడలకు 4 మొదలు 8 నెలల ప్రాయములో నొక్కసారి టీకా వేయించినచో పశువునకును ఇంటికిని రక్షణ కలుగును.

మజ్జిగ చేయలేని పని

మజ్జిగ యొక్కటియే సంతానమును కలుగజేయునని గాని, బిడ్డకు అవయవలోపములు రాకుండ కాపాడునని గాని రుజువు లేదు. నాళము సరిగా మూసికొనుటకు కావలసినది ఫోలిక్ ఆమ్లము. దాని చరిత్రలో మన తెలుగువాని పాలును గలదు. 1931లో లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల పాండురోగము ఈస్టుసారముచే నయమగుట కనుగొనెను. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను జీర్ణరోగముచే సోదరులను పోగొట్టుకొనిరి. పిమ్మట అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. గర్భమునకు ముందునుండి దానిని పుచ్చుకొన్నచో వెన్నుపాము లోపములు మిక్కిలి తగ్గునని 1991లో ఇంగ్లండువారి పరిశోధన రుజువుచేసెను.

కావున సంతానము కోరు స్త్రీ గర్భమునకు ముందునుండి పండ్రెండవ వారము పూర్తియగువరకు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్ర పుచ్చుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున విచారింపుడు. మధుమేహము, మూర్ఛరోగము గలవారును, లోపముగల బిడ్డను ముందు కన్నవారును మోతాదునుగూర్చి వైద్యుని అడుగవలెను. తోటకూర, పెసలు, శనగలు భోజనములో నుండవలెను. అవి మాత్రకు బదులు గావు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కనబడెను. ఇనుపధాతువు మాత్ర ఇచ్చినపుడు దానిని పాలతోగాని, మజ్జిగతోగాని, తేనీటితోగాని మ్రింగరాదు. ఇనుము ఒంటబట్టుట తగ్గును. రెంటికిని నడుమ రెండుగంటల యెడముంచి, మాత్రను నిమ్మరసపు నీటితో పుచ్చుకొనుట మేలు.

పాలకేంద్రమును, ఇల్లును

కడపట నొక మాట. విజయవాడలోని కృష్ణా మిల్కు యూనియను పల్లె పల్లెనుండి పాలు సేకరించుచున్నది. పాడివలన చేతికి రొక్కము వచ్చుచున్నది, మంచిదే. కాని పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటి కోడలికి నీళ్లమజ్జిగ, అదియు నందరును తినిన పిమ్మట మిగిలినది పెట్టుట యేపాటి లాభము? విత్తనపు ధాన్యమును అమ్ముకొను రైతు తెలివిగలవా డనిపించుకొనడు. కొలతకు పోవుటకు ముందే ఇంటికి కావలసిన పాలు వేరుగా తీసి యుంచుడు.

జ్ఞాపకముంచుకొన వలసినవి

1. కాచిన పాలనే తోడువేయుడు. మజ్జిగ ఆనాటిదే త్రాగుడు.
2. మజ్జిగ ఆహారము, మాత్ర రక్ష. ఒకటి రెండవదానికి బదులు గాదు.
3. ఫోలిక్ ఆమ్లము గర్భమునకు ముందే ప్రారంభింపవలెను.
4. ఈసుకపోయిన పశువును పశువైద్యునికి చూపుడు.
5. పాలు ముందు ఇంటికి, పిమ్మట కేంద్రమునకు.