గోడల నడుమ వైఫై

ఒకే ఇంటికి వచ్చిన అంతర్జాలం ముందు గదిలో ఏరులా పారుతుంది. వెనుక గదికి చేరేసరికి చెలమలా ఊరుతుంది. 2020లో కరోనా కారణంగా కళాశాలలు మూతపడి ఇళ్ళే తరగతి గదులైనప్పుడు ఈ వ్యత్యాసం ఎందరో విద్యార్థులకు అనుభవంలోకి వచ్చింది. హాలులో టీవీ మోగుతుంటే వెనుక గదిని ఆశ్రయించిన విద్యార్థికి అధ్యాపకుని మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఇంజనీరింగ్ ప్రవేశాలకు వెబ్ ఐచ్ఛికాలు నమోదు చేసే వేళ తెర కదలకుండా నిలిచిపోతే ఆ కుటుంబం పడే ఆందోళన ఇంతా అంతా కాదు. అప్పుడు చాలామంది చేసే పని, మరింత వేగమున్న పథకానికి మారి నెలనెలా ఎక్కువ రుసుము చెల్లించడం. లోపం ఇంటి లోపలే ఉంటే ఆ డబ్బు వృథా.

అంతర్జాలం మన చేతికి రెండు ప్రయాణాలు చేసి వస్తుంది. వీధి నుండి రౌటర్ వరకు తీగలో మొదటిది. రౌటర్ నుండి మన ఫోను వరకు గాలిలో రెండవది. లోపం దేనిలో ఉన్నదో ముందు తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి వేగాన్ని కొలవాలి. అక్కడే తక్కువగా ఉంటే సేవలందించే సంస్థవారికి ఫిర్యాదు చేయవలసిందే. అక్కడ పూర్తి వేగం ఉండి పడక గదిలో పదోవంతు మాత్రమే వస్తుంటే తప్పు సంస్థవారిది కాదు. తరువాత ఒక్కొక్క గదిలో, ఒకే ఫోనుతో, మూడేసి సార్లు కొలిచి పుస్తకంలో వ్రాసుకోవాలి. కొలతలన్నీ ఒకే వేళలో జరగాలి. రాత్రి భోజనాల వేళ వీధి వీధంతా సినిమాలు చూస్తుంటుంది. ఆ అంకెను తెల్లవారుజామున వచ్చిన అంకెతో పోల్చి గోడను నిందించడం న్యాయం కాదు.

వైఫై కూడా రేడియో తరంగమే. 19వ శతాబ్ది చివరి దశకంలో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో ఇటువంటి అదృశ్య తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, మందుగుండును రగిలించి చూపారు. గోడ దాటడం తరంగానికి అసాధ్యం కాదు. అయితే ప్రతి గోడా కొంత సుంకం వసూలు చేసుకుంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగం దైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు; 5 గిగాహెర్ట్జ్ తరంగానిది దానిలో సగం. రెండవది ఎక్కువ సమాచారాన్ని మోస్తుంది గాని గోడలలో త్వరగా క్షీణిస్తుంది. పలుచని ఇటుక గోడ తీసుకునేది స్వల్పమే. మందపాటి రాతి గోడ, ఇనుప చువ్వలు పరచి పోసిన కాంక్రీటు కప్పు చాలా ఎక్కువగా తీసుకుంటాయి. ఇనుప బీరువా, అద్దం వెనుకనున్న లోహపు పూత తరంగాన్ని వెనుకకు మళ్ళిస్తాయి. నీటి తొట్టి దానిని శోషించుకుంటుంది. పాతకాలపు మండువా ఇళ్ళలో నడిమి ఖాళీ స్థలం తరంగానికి చక్కని దారి. చుట్టూ ఉన్న మూరెడు మందం గోడలే దానికి గండం.

ఇంత తెలిసీ మన ఇళ్ళలో రౌటర్ ఎక్కడ ఉంటుంది? తీగ ఏ మూల నుండి లోపలికి వచ్చిందో ఆ మూలనే, టీవీ వెనుకనో బీరువా మీదనో ఉంటుంది. చూపరులకు బాగుండదని అల్మరాలో పెట్టి తలుపు మూసేవారూ ఉన్నారు! వీధి గోడ మూలన కూర్చున్న రౌటర్ వెలువరించే తరంగాలలో చాలా భాగం వీధి పాలవుతుంది. కొన్ని మీటర్ల కేబుల్ కొని దానిని ఇంటి నడిమికి, ఛాతీ ఎత్తుకు మించిన చోటికి మార్చితే పథకం మార్చవలసిన అవసరమే రాకపోవచ్చు. కడ్డీ వంటి యాంటెన్నా తన చుట్టూ బలంగా, తన కొన దిశలో బలహీనంగా ప్రసరిస్తుంది. కాబట్టి అదే అంతస్తుకు నిటారుగా నిలపాలి. మేడ మీదికి కూడా కావాలంటే ఒకదానిని వాల్చి చూడాలి. ఏ మార్పైనా ఒకసారికి ఒక్కటే చేసి మళ్ళీ కొలవాలి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పాటించే నియమమే ఇది.

బహుళ అంతస్తుల భవనాలలో మరొక చిక్కు ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి భారత ప్రభుత్వం 2005లో అనుమతించింది. అందువల్ల పొరుగువారి రౌటర్లు, బ్లూటూత్ పరికరాలు అన్నీ అక్కడే గుమికూడుతాయి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఆ పట్టీలోనే. దీనిలో ఒకదానితో ఒకటి ఒరుసుకోని మార్గాలు సాధారణంగా మూడే: 1, 6, 11. పొరుగువారు వాడనిదానిని ఎంచుకోవాలి. దగ్గరలో ఉన్న పరికరాలను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి. ఇక గోడల నుండి పరావర్తనం చెందిన తరంగాలు అసలు తరంగంతో వ్యతికరణం చెంది, కొన్నిచోట్ల పరస్పరం బలహీనపడతాయి. అటువంటి చోట ఫోనును జానెడు దూరం జరిపితే చాలు, ఆగిన మాట మళ్ళీ వినిపించవచ్చు.

అన్నింటికంటె తక్కువమంది గమనించే సంగతి ఇది. ఒకే మార్గంలోని పరికరాలు వంతులవారీగా మాట్లాడుకోవాలి. సంకేతం సరిగా అందని ఫోను నెమ్మదిగా మాట్లాడి ఎక్కువ సమయం తీసుకుంటుంది. అంతసేపూ మిగిలినవి వేచి ఉంటాయి. ఆ విధంగా వెనుక గది కష్టం ముందు గదికీ పాకుతుంది. దీనికి విరుగుడుగా కొందరు రిపీటర్ కొని, సంకేతం చేరని గదిలోనే పెడతారు. తనకే వినిపించని మాటను అది ఇతరులకు ఎట్లా చెప్పగలదు? సంకేతం ఇంకా బలంగా ఉన్న నడవలో దానిని ఉంచాలి. ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసే రిపీటర్ వద్ద వేగం ఇంచుమించు సగమవుతుందని కూడా ఎరిగి కొనాలి. కదలకుండా ఒకేచోట ఉండే టీవీని, కంప్యూటర్‌ను కేబుల్‌తో కలపడం మేలు. అప్పుడు గాలిలోని వంతు వెనుక గదిలో చదువుకునే విద్యార్థికి దక్కుతుంది.