శత్రువుపై దయ

దయయే ధర్మమునకు మూలమని బసవేశ్వరుడు బోధించెను. ఇంటిలోను, ఇరుగుపొరుగులోను ఈ బోధను పాటించుట సులభముగా తోచవచ్చును. కాని ఒకరినొకరు చంపుటకే నిలిచిన యుద్ధరంగమున దయకు తావు కలదా? కలదన్నచో, శత్రువును దయతో విడిచిన సైనికుడు తన దేశమునకు ద్రోహము చేసినవాడు కాడా? ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనిని విచారించుటకు రెండవ ప్రపంచ యుద్ధమునందలి ఒక ఉదంతము మిక్కిలి ఉపకరించును.

1943 డిసెంబరు 20వ తేదీన అమెరికా బాంబరు విమానములు జర్మనీలోని బ్రెమెన్ నగరమున గల విమాన కర్మాగారముపై దాడి చేసెను. వానిలో ఒక విమానమును నడిపినవాడు చార్లెస్ బ్రౌన్. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరములు. అతనితో కలిపి అందు పదిమంది యుండిరి. ఫిరంగి గుండ్లకును, జర్మను యుద్ధ విమానముల కాల్పులకును ఆ విమానము ఛిద్రమయ్యెను. ముందుభాగపు అద్దము పగిలెను. ఒక ఇంజను ఆగిపోయెను. తోకలో చాలభాగము ఎగిరిపోయెను. తోకయందు తుపాకి పట్టిన సైనికుడు మరణించెను. పలువురు గాయపడిరి. తుపాకులు పెక్కు చలికి బిగుసుకొని పనికిరాకపోయెను. తోటి విమానములను విడిచి, ఒంటరిగా, నేలకు తక్కువ ఎత్తున అది సముద్రము వైపు సాగుచుండెను.

క్రింద ఒక విమానాశ్రయమున తన విమానమునకు ఇంధనము నింపించుకొనుచున్న ఫ్రాంజ్ స్టిగ్లర్ అను జర్మను వైమానికుడు దానిని చూచి, వెంటనే ఎగిరి వెనుకనుండి సమీపించెను. కాల్చుటకు అతడు సిద్ధముగనే యుండెను. కాని ఎదుటినుండి ఒక్క గుండైనను వెలువడలేదు. మరింత చేరువకు పోగా, చీలిన రేకుల నడుమనుండి గాయపడినవారును, వారిని ఆదుకొనుచున్న తోటివారును అతని కంటబడిరి.

అంతకు పూర్వము ఆఫ్రికా రంగమున అతని పై అధికారి గుస్టావ్ రోడెల్ ఒక కట్టడి చేసియుండెను. పారాషూట్‌తో దిగుచున్న శత్రువును కాల్చినచో, అట్లు కాల్చినవానిని తానే కాల్చెదనని హెచ్చరించియుండెను. ఆ మాట స్టిగ్లరునకు జ్ఞప్తికి వచ్చెను. ఈ నిస్సహాయులకును పారాషూట్‌తో దిగువారికిని భేదము లేదని అతనికి తోచెను. విమానమును దింపుడని సైగ చేసెను, వారు గ్రహింపలేదు. అంతట వారి రెక్క ప్రక్కనే తన విమానమును నడుపుచు, తీరమునందలి జర్మను ఫిరంగులు కాల్చకుండునట్లు తోడుగా నిలిచెను. సముద్రముపై కొంత దూరము సాగనంపి, వందనము చేసి మరలిపోయెను. ఆ విమానము ఎట్లో ఇంగ్లండు చేరెను.

ఈ సంగతి పైవారికి తెలిసినచో స్టిగ్లరునకు మరణదండనయే ప్రాప్తించి యుండవచ్చును. కావున అతడు మౌనము వహించెను. శత్రువును గూర్చి మంచి మాట పొక్కరాదని బ్రౌన్‌నకును ఆజ్ఞ యయ్యెను. అనేక సంవత్సరముల పిమ్మట బ్రౌన్ అతనికై వెదకెను. అప్పటికి కెనడాలో స్థిరపడిన స్టిగ్లర్ 1990లో అతనిని కలిసికొనెను. నాటినుండి ఇరువురును సోదరులవలె మెలగి, 2008లో కొన్ని నెలల యెడముతో మరణించిరి.

ఇపుడు మొదటి సందేహమునకు వత్తము. ఆ విమానము బాంబులు వేయుటకు వచ్చినదే. ప్రాణములు దక్కిన బ్రౌన్ అటుపిమ్మట మరికొన్ని దాడులలో పాల్గొనెను. కావున ఆ దయకు వెల లేకపోలేదు. అట్లే నాటి జర్మను ప్రభుత్వము చేసిన ఘోరములు లోకవిదితములు. ఒక్క సైనికుని దయ వానిని కడిగివేయజాలదు. ఇంత ఒప్పుకొనిన పిమ్మట కూడ ఆ కార్యము ఉత్తమమైనదే యని ఏల చెప్పవలెను?

సైనికుని విధి శత్రువు శక్తిని అణచుట. ఆ శక్తి అణగిన తరువాత కొట్టు దెబ్బ విధి కాదు, పగ. కురుక్షేత్రమున ఇరుపక్షములవారును ఆయుధము లేనివానిని, వెన్నిచ్చినవానిని కొట్టరాదని ముందుగా నియమము చేసికొనిరి. నిద్రించువారిని రాత్రివేళ వధించిన అశ్వత్థామ ఎంతటి విలుకాడైనను, ఆ పని వీరకృత్యముగా ఎన్నబడలేదు. ఆధునిక లోకమును ఇదే మార్గమున నడచినది. గాయపడినవారిని, లొంగినవారిని హింసింపరాదని 1949 నాటి జెనీవా ఒడంబడికలు శాసించినవి. చెడిన విమానమునుండి పారాషూట్‌తో దిగువారిని కాల్చరాదని 1977లో చేర్చిన నిబంధన తెలుపుచున్నది.

అయితే బ్రౌన్ విమానము లొంగిపోలేదు. దానిని కూల్చినచో ఏ శాసనమును స్టిగ్లరును దోషి యనెడిది కాదు. శాసనము ఊరకున్న చోట అతని దయ పలికెను. అతడు శత్రుపక్షమున చేరలేదు. యుద్ధాంతము వరకు తన దేశము పక్షముననే పోరాడెను. విడిచినది శత్రుత్వమును కాదు, క్రౌర్యమును మాత్రమే.

ఇందు గమనింపదగిన అంశము మరియొకటి కలదు. ఆ దయ ఆ క్షణముననే పుట్టినది కాదు. పెద్దవాడొకడు ముందుగా చెప్పిన మాట, సమయము వచ్చినపుడు ఆ వ్రేలిని ఆపినది. రోడెల్ ఆ మాట చెప్పకున్నచో ఏమయ్యెడిదో ఆలోచింపవలెను. పొలము గట్టు తగవులోను, దాయాదుల వ్యాజ్యములోను ఓడినవానిని ఇంకను అణగద్రొక్కవలెనను బుద్ధి మనుష్యులకు కలుగుచునే యుండును. కోపము వచ్చిన గడియలో దయను నేర్పుట సాధ్యము కాదు. పిల్లలు శాంతముగా నున్నపుడే, పెద్దలు తమ నోటి మాటతోను, నడవడితోను దానిని వారి మనస్సున నాటవలెను.