సరుకు పరిచయం: సిమెంటు లేకుండా గట్టిపడే స్లాగు

బ్లాస్టు ఫర్నేసులో ఇనుపరాయి కరిగినపుడు పైకి తేలే చిట్టెమును సిమెంటు మిల్లులు చాలాకాలంగా కొంటున్నాయి. సిమెంటు అసలే కలపకుండా, ఈ స్లాగు పొడిని క్షారంతో గట్టిపరచి ఇటుకలు, పేవింగ్ బ్లాకులు పోసే పద్ధతి కూడా వున్నది. ఈ సరుకులోకి దిగదలచిన వర్తకులు ముందుగా స్లాగు రకాలను గుర్తించగలగాలి.

"స్లాగు ఏదైనా స్లాగే గదా, చవకగా వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?" అని విశాఖలో ఒక బ్రోకరు ఈ విలేఖరిని అడిగారు. నష్టం వచ్చేది సరిగ్గా అక్కడే.

కరిగిన బ్లాస్టు ఫర్నేసు స్లాగుపై నీటిని ధారగా కొట్టి ఒక్కసారిగా చల్లారిస్తే అది గాజువంటి ఇసుకగా మారుతుంది. ఇదే గ్రాన్యులేటెడ్ స్లాగు. బంధకానికి పనికివచ్చేది ఇదే. గుంటలో పోసి నెమ్మదిగా చల్లారనిస్తే రాయి అవుతుంది, అది కంకరకే. ఇక ఉక్కు తయారీలో కన్వర్టరు నుండి వచ్చే స్లాగు వేరే సరుకు. అందులో కలవక మిగిలిన సున్నం నెలల తరబడి తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్లాకులు పగులుతాయి. దానిని బాగా మాగబెట్టి రోడ్ల పనికి వాడతారు.

గ్రాన్యులేటెడ్ స్లాగు పొడి ఒట్టి నీటితో చాలా నెమ్మదిగా బిగుస్తుంది. మామూలు స్లాగు సిమెంటులో క్లింకరు నుండి వచ్చే సున్నం దానిని మేల్కొలుపుతుంది. ఇక్కడ ఆ పని కాస్టిక్ సోడా, సోడియం సిలికేటు చేస్తాయి. ఇది నిన్నటి మాట కాదు. 1940లో బెల్జియంలో పర్డన్, 1957లో కీవ్‌లో గ్లుకోవ్‌స్కీ దీనిపై పరిశోధనలు ప్రకటించారు. మన దేశంలో ప్రీకాస్టు వస్తువులకు మార్గదర్శకాలు ఐ.ఎస్. 17452 పేరిట 2020లో వెలువడ్డాయి. క్షారద్రావణం చేతులను కాలుస్తుంది గనుక బస్తాల లెక్కన తాపీమేస్త్రీలకు అమ్మే చిల్లర సరుకుగా దీనిని భావించరాదు. కొనుగోలుదారులు బ్లాకుల ఫ్యాక్టరీలే.

లాభనష్టాలను తేల్చేది స్లాగు ధర ఒక్కటే కాదు. సోడియం సిలికేటు సోడా యాష్, ఇసుకల నుండి తయారవుతుంది. కాస్టిక్ సోడా క్లోరిన్‌తో కలిసి పుడుతుంది గనుక క్లోరిన్‌కు గిరాకీ తగ్గి ప్లాంట్లు ఉత్పత్తి తగ్గించినపుడు కాస్టిక్ ధర కూడా కదులుతుంది. స్లాగు బేరం చేసేవారు ఈ రెండు రసాయనాల ధారణలను కూడా చూస్తూ వుండాలి.

తేమ విషయంలో చాలామంది మోసపోతుంటారు. ఉదాహరణకు చేరవేత సహా టన్ను రూ. 1,000 చొప్పున 100 టన్నులు కొన్నారనుకుందాం. తేమ 12 శాతం వుంటే చేతికి దక్కేది 88 టన్నులే. ఎండు సరుకు టన్నుకు సుమారు రూ. 1,136 పడినట్లు. ఆరబెట్టే ఇంధనం, మెత్తగా విసిరే కరెంటు ఖర్చులు దీనికి అదనం. కాబట్టి ఒప్పందంలో తేమ పరిమితి, దానిని మించితే ధర తగ్గింపు రాయించుకోవాలి. పొడి రూపంలో కొనేటప్పుడు ఐ.ఎస్. 16714 ప్రకారం పరీక్షా నివేదిక అడగాలి. అందులో గాజు అంశం 85 శాతానికి తగ్గరాదు.