తప్పును టీచరు దాకా పోనివ్వండి

సిద్దిపేట చుట్టుపక్కల సర్కారు బళ్లల్లో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ని. సారుగా నాకు మంచి పేరే ఉండేది. తండ్రిగా పాస్ మార్కులు వచ్చాయో లేదో మా పిల్లల్నే అడగాలి.

1. తప్పు నోట్‌బుక్కులో మిగలాలి.
మా పెద్దోడు భిన్నాలు కూడేటప్పుడు పై అంకెలను పై అంకెలతో, కింది అంకెలను కింది వాటితో కలిపేవాడు. 1/2కు 1/3 కలిపితే 2/5 అనేవాడు. నేను రబ్బరుతో తుడిపించి, సరైన జవాబు రాయించి పంపేవాణ్ని. బళ్లో అన్నీ రైట్లే పడేవి. పరీక్షలో మళ్లీ అదే 2/5. వాడికి ఏది రాదో వాళ్ల టీచరుకు తెలిసే దారిని నేనే మూసేశాను. పొద్దంతా ఊరి పిల్లల తప్పులు చూసే మర్నాటి పాఠం తయారుచేసుకునేవాణ్ని. ఇల్లు చేరేసరికి ఆ బుద్ధి ఏమయ్యేదో! తప్పును అట్లాగే ఉంచి, పక్కన ‘ఇది రాలేదు సార్’ అని రాయించండి.

2. ఇంగ్లిష్ రాని తల్లీ చదివించగలదు.
2022-23లో తెలంగాణ సర్కారు బళ్లల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు. బీడీలు చుట్టే తల్లులు “మాకేమొస్తది సార్” అని దిగులుపడ్డారు. కానీ ఆ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్ అయితే ఎదురు పేజీ తెలుగే. అదీ చదవరాకుంటే, “ఇయ్యాల సారేం చెప్పిండు? నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా” అని అడగండి. బిడ్డ ఎక్కడ తడబడుతుందో అక్కడ బిడ్డకు పాఠం రానట్టే. ఆ సంగతి పట్టుకోవడానికి చదువు అక్కర్లేదు.

3. హోంవర్కుకూ ఒక కొలత ఉంది.
కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట మించొద్దు. అయినా ఎల్‌కేజీ పిల్లకు పేజీలకు పేజీలు ఇచ్చే బళ్లున్నాయి. ఇవ్వకుంటే వచ్చి తగాదా పడే తల్లిదండ్రులూ ఉన్నారు.

4. ఫోను ముందుగా పెద్దలు పక్కనపెట్టాలి.
మా సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు మంత్రిగా ఉన్నప్పుడు, పిల్లలను ఫోన్లకు దూరంగా ఉంచమని పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరాలు రాశారు. మన చేతిలో ఫోను ఉంటే పిల్లలు ఆ మాట వినరు. దాన్ని పక్కనపెట్టి, చదువుకునే పిల్లల దగ్గర కూర్చోండి. రాత్రిళ్లు పనికిపోయే ఇళ్లలో అట్లా కూర్చోవడం కుదరదు, నిజమే. వాళ్లు పొద్దున చాయ్ తాగేటప్పుడు పిల్లల నోట్‌బుక్కు ఒకసారి తెరిపించి చూసినా చాలు.